మట్టి తగలని ఎర్త్ వైరు

నేను ఒక ఆకుపచ్చ వైరును. లోపల రాగి, పైన ప్లాస్టిక్ తొడుగు. మీ ఇంటి గోడల్లో నాతోపాటు ఎర్రదీ నల్లదీ ఇంకో ఇద్దరుంటారు. వాళ్లు రోజంతా కరెంటు మోస్తారు, లైట్లు వెలిగిస్తారు, ఫ్యాన్లు తిప్పుతారు. పేరంతా వాళ్లదే. నేను ఊరికే పడి ఉంటాను. చూసినవాళ్లు దండగ అనుకుంటారు. అనుకోనివ్వండి. ఊరికే పడి ఉండటమే నా ఉద్యోగం. ఎప్పుడైనా ఎర్ర వైరు తొడుగు చిట్లి, కరెంటు దారి తప్పి ఏ ఇనప వస్తువు మీదికో ఎక్కితే, దాన్ని పట్టుకుని తీసుకుపోయి మట్టిలో దింపేయాలి. మనిషి చెయ్యి ఆ వస్తువు మీద పడేలోపు ఆ పని అయిపోవాలి. అందుకే నా ఒక కొస ఇంట్లో ఉంటుంది, రెండో కొస మట్టిలో ఉంటుంది. ఆ రెండో కొస మట్టిలో లేకపోతే నేను పనికిరానిదాన్ని అవుతానని అనుకుంటున్నారేమో. కాదు, అంతకంటే ఘోరం అవుతాను. ఆ ఘోరమే చెప్పబోతున్నాను. నెమ్మదిగా చెప్పమని మాత్రం అడగకండి, నాకు ఒళ్లు మండిపోతోంది.

పుట్టుక గురించి గొప్పగా చెప్పుకునేదేమీ లేదు. ఒక ఫ్యాక్టరీలో రాగిని సన్నగా సాగదీసి, పోగులు పేని, మీద వేడి ప్లాస్టిక్ పోశారు. నా మీద పచ్చది పడింది. చుట్టగా చుట్టి, హనుమకొండలో ఒక ఎలక్ట్రికల్ షాపుకు పంపారు. ఎర్ర చుట్టలు వచ్చినవి వచ్చినట్టే అమ్ముడుపోయేవి. నేను మాత్రం పై అరలో దుమ్ము కొట్టుకుని చాలాకాలం ఉన్నాను. "ఎర్త్ వైరు గూడ తీసుకోండి సార్" అని షాపాయన అడిగితే, "అది లేకుంటే బల్బు వెలగదా ఏంది?" అని నవ్వేవాళ్లు. వెలుగుతుంది. నా ఖర్మ అదే. నేను లేకపోయినా అన్నీ వెలుగుతాయి, అన్నీ తిరుగుతాయి, ఒక మనిషి చచ్చేదాకా నేను లేని సంగతి ఎవరికీ తెలియదు.

చివరికి నన్ను కొన్నవాడు గట్టయ్య సారు. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. కింద సెల్లారు, పైన మూడు గదులు వేసి ఇల్లు కట్టుకుంటున్నాడు. ఎలక్ట్రీషియన్ ఓదెలు ఇంటి ఈశాన్యం మూల గుంత తవ్వి, లోపల రాగి రేకు నిలబెట్టి, చుట్టూ ఉప్పొక వరస, బొగ్గులొక వరస పోసి, నా కొసను ఆ రేకుకు బిగించాడు. ఉప్పూ బొగ్గూ ఉంటే మట్టి తడి ఆరకుండా ఉంటుంది, నేను తెచ్చిన కరెంటును తొందరగా మింగేస్తుంది. మెయిన్ బోర్డులో ఒక చిన్న పెట్టె కూడా పెట్టాడు. కరెంటు ఏ మనిషి ఒంట్లోంచి అయినా నేలలోకి కారితే, ఆ పెట్టె రెప్పపాటులో ఇంటి కరెంటంతా కట్ చేస్తుంది. నేను చేయాల్సింది నేను చేస్తాను, నన్ను దాటిపోతే అది చూసుకుంటుంది. మేమిద్దరం ఒకే ఇంటికి కాపలా.

"ఎండకాలం రోజో చెంబెడు నీళ్లు ఈ గుంతల పొయ్యాలె సారు. మట్టి తడిగుంటెనే ఇది పనిజేస్తది" అని ఓదెలు చెప్పి పోయాడు. గట్టయ్య సారు ఆ మాట మరిచిపోలేదు. స్నానం చేసి వస్తూ వస్తూ చెంబెడు నీళ్లు పోసేవాడు. ఏం చెట్టు పెట్టిన్రు సారూ అని పక్కింటివాళ్లు అడిగితే నవ్వి ఊరుకునేవాడు. నేను చూసిన మనుషుల్లో నాకు గౌరవం ఉన్నది ఆయన ఒక్కడి మీదే. ఆయన పోయాక ఇల్లు అమ్ముడుపోయింది. తాళాలు ఇచ్చారు, నల్లా ఎక్కడుందో చూపించారు, మామిడి చెట్టుకు పురుగు పడుతుందని కూడా చెప్పారు. గుంత సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

కొన్నవాడు సారంగపాణి, బీమా ఏజెంటు. పొద్దంతా ఊళ్లోవాళ్ల ఇళ్లల్లో కూర్చుని చావు గురించి మాట్లాడటమే ఆయన వృత్తి. "రేపేమైతదో ఎవరికి ఎరుకన్నా, మన జాగ్రత్తల మనముండాలె" అని ఎంత మెత్తగా చెబుతాడంటే, ఎదుటివాళ్లకు గుండె దడదడలాడి సంతకం పెట్టేస్తారు. అదే మనిషి ఇంటికి వచ్చాడంటే జాగ్రత్త అన్న మాటే ఎరగడు. మిక్సీ పాడైనా, నల్లా కారినా, ఫ్యాను చప్పుడు చేసినా మెకానిక్‌ను పిలవడు. "వాన్ని పిలుసుడెందుకు, నాకు రాదా?" అంటాడు. ఫోన్లో వీడియో పెట్టుకుని, పక్కన డ్రిల్లింగ్ మిషన్ పెట్టుకుని కూర్చుంటాడు. చెడ్డవాడని నేను అనను. భార్య ప్రమీలన్నా, కూతురు సౌజన్యన్నా ఆయనకు ప్రాణం. చెడ్డవాడైతే నాకు ఇంత కోపం ఉండేది కాదేమో.

వచ్చిన కొత్తలో ఈశాన్యం మూల తులసికోట కట్టిద్దామని తవ్వించారు. పార కింద ఉప్పు తగిలింది, ఆ కింద బొగ్గులు కనపడ్డాయి. ప్రమీల కేక పెట్టింది.

"ఏమండీ, ఇటు రాండి! ఈశాన్యంల ఉప్పు, బొగ్గులు! ఎవరో పాతిపెట్టిన్రు మనమీద!"

పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగి చూశారు. గందుకే ఇల్లు అగ్గువకొచ్చింది అన్నారు. వాస్తు చూసేవాడొకడు వచ్చి, పసుపునీళ్లు చల్లి, నిమ్మకాయలు కోసి, ఉన్నదంతా తీసి ఊరవతల పారేయమన్నాడు. వాళ్ల వంటింట్లో డబ్బా నిండా ఉప్పుంది. మూల మీద ఇస్త్రీ చేసేవాడి పెట్టెలో బొగ్గులున్నాయి. అవి ఎవరికీ చేతబడిగా కనపడలేదు. నన్ను కాపాడే మట్టిలో ఉన్న ఉప్పు మాత్రం శత్రువు అయిపోయింది. సారంగపాణి పట్టుకారు తెచ్చి స్వయంగా నా కొస కత్తిరించాడు. రేకుతో సహా అంతా బస్తాలో కట్టి చెరువులో పడేసి వచ్చారు. మిగిలిన నా తోకను చూడ్డానికి బాగుండదని వంచి, గోడ సందులోకి నెట్టి, తెల్ల సిమెంటు పూసి, రంగు కూడా వేశాడు. పని చాలా నీటుగా చేశాడు. బయట తులసికోట లేచింది, లోపల నా ఊపిరి ఆగింది.

రెండేళ్లు ఏమీ కాలేదు. ఆ తర్వాత సౌజన్యకు కంప్యూటర్ ఉద్యోగం వచ్చింది, ఇంటి నుంచే చేసుకోవచ్చన్నారు. పైన టీవీ గోల, చుట్టాల గోల. సెల్లారు చల్లగా ఉంటుంది, అక్కడే ఆఫీసు చేద్దామన్నాడు తండ్రి. బట్టలుతికే మిషన్ కూడా కిందికే దింపారు. ఒక ఆదివారం పొద్దున్నే సారంగపాణి లుంగీ ఎగగట్టి పనిలో దిగాడు. గోడ మీద ప్లాస్టిక్ పైపు వేసి, అందులో ఎర్రదాన్నీ నల్లదాన్నీ నన్నూ కలిపి లాగాడు. ఎర్త్ తప్పకుండా కలపాలని వీడియోలో చెప్పారట. బోర్డులో ఉన్న నన్ను వెతికి పట్టుకుని, ప్రతి ప్లగ్గు మూడో కాలికీ బుద్ధిగా బిగించాడు. తను కత్తిరించి సిమెంటు పూసింది ఈ వైరునే కదా అని ఆయనకు తట్టలేదు. "చూడు, ఎర్త్ గూడ ఇచ్చిన" అని భార్యకు చూపించాడు. ఫోటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టే బొమ్మలు పంపారు.

ఇక నెట్ కేబుల్ మిగిలింది. పైన ఉన్న డబ్బా నుంచి కింద బల్లదాకా దాన్ని గోడ వెంట తేవాలి. చిన్న క్లిప్పులు పెట్టి మేకులు కొడుతూ వచ్చాడు. ఒకచోట కేబుల్ కిందికి జారుతోందని, మా పైపు మీదే క్లిప్పు పెట్టి గట్టిగా కొట్టాడు. ఆ మేకు పైపును చీల్చుకుని, ఎర్ర వైరు తొడుగును చీల్చుకుని, దాని రాగిని తాకుతూ వచ్చి నా ఒంట్లో దిగింది. సారంగపాణి వెనక్కి జరిగి చూసుకుని, కేబుల్ ఎంత తిన్నగా వచ్చిందో అని మురిసిపోయాడు. బల్ల దగ్గర నెట్ వచ్చిందో లేదో చూడమని కూతురికి కేకేశాడు. వచ్చింది. బ్రహ్మాండంగా వచ్చింది.

ఏమైందో మీకు అర్థమైంది కదా? ఎర్రదాని మీది కరెంటు మేకు పట్టుకుని నా మీదికి ఎక్కింది. నా కొస మట్టిలో ఉంటే అదే క్షణాన దింపేసేదాన్ని, ఫ్యూజు ఎగిరిపోయేది, తప్పు అప్పుడే దొరికేది. నా కొస సిమెంటులో ఉంది. నేను దాన్ని ఎక్కడికి తీసుకుపోను? నేను ఏయే వస్తువులను కాపాడాలని తగిలించారో ఆ వస్తువులన్నిటికీ అదే కరెంటును పంచాల్సి వచ్చింది. కంప్యూటర్ డబ్బాకు, దాని తెరకు, బట్టల మిషన్‌కు. వాటిలో ఏదీ పాడవలేదు. అన్నీ మామూలుగా తిరుగుతున్నాయి. ఒంటి మీద మాత్రం చావును కప్పుకుని తిరుగుతున్నాయి.

మొదట సౌజన్యకు తెలిసింది. "డాడీ, ఈ డబ్బా ముట్టుకుంటే జుమ్మంటాంది" అంది.

"సెల్లారు గద బిడ్డా, చెమ్మ ఉంటది. చెప్పులేసుకో, ఏం కాదు."

చెప్పులేసుకుంది, ఏం కాలేదు. దాంతో మెట్ల దగ్గర ముగ్గురికీ మూడు జతల రబ్బరు చెప్పులు వెలిశాయి. కిందికి దిగేవాళ్లు అవి తొడుక్కుని దిగాలి. ఎందుకని ఎవరూ అడగలేదు, అదొక ఇంటి ఆచారం అయిపోయింది. కరెంటు కొడితే వైరు చూసుకోవాలిగానీ కాళ్లకు రబ్బరు కట్టుకోవడమేమిటని అరవాలనిపించింది. నాకు నోరు లేదు.

ఆ ఇంట్లో చెప్పులు లేనిది ఒక్క కొమురమ్మకే. పక్క బస్తీ నుంచి వచ్చి అంట్లు తోమి, బట్టలు వేసి, నేల కడిగి పోయే మనిషి. ఆమెకు చెప్పులు లేక కాదు. గేటు బయటే విడిచి లోపలికి వచ్చేది. విడవమని ఎవరూ చెప్పలేదు. పనికి వచ్చేవాళ్లు ఇంట్లో చెప్పులతో తిరగరని ఆమెకు తెలుసు, ఆ ఇంటివాళ్లకూ తెలుసు. చీర ఎగదోపుకుని, తడి కాళ్లతో, తడి చేతులతో ఆమె బట్టల మిషన్ మూత పట్టుకున్న మొదటి రోజే ఇంట్లో కరెంటు పోయింది. మెయిన్ బోర్డులో నా తోటి కాపలాదారు పని చేశాడు. కరెంటు ఆమె ఒంట్లోంచి నేలకు కారడం చూసి ఠక్కున కట్ చేశాడు. ఒక్క కుదుపుతో బయటపడింది కొమురమ్మ.

"అమ్మా, మిషిని కొడ్తాంది" అని చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ప్రమీల చెప్పులు తొడుక్కుని దిగి, మిషన్ మీద చెయ్యి పెట్టి చూసింది. "ఏడ కొడ్తాంది? నన్నెందుకు కొడ్తలేదు మరి?"

బోర్డులో మీట పైకెత్తారు, కరెంటు వచ్చింది. మర్నాడు మళ్లీ కొమురమ్మ చెయ్యి పెట్టింది, మళ్లీ పోయింది. ఆ వారమంతా అదే తంతు. ఎవరు ముట్టినా ఏమీ కాదు, ఆమె ముడితే ఇల్లంతా చీకటి. పైన ఫ్రిజ్ ఆగేది, కింద సౌజన్య మీటింగు సగంలో తెగిపోయేది. "ఏం చెయ్యే నీది, పెట్టంగనే కరెంటు పోతది" అని ప్రమీల మొదట నవ్వులాటకే అంది. తర్వాత నవ్వకుండా అంది. కొమురమ్మ తన అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకునేది. "నా చెయ్యే గసొంటిదేమో అమ్మా" అంది ఒకరోజు. ఆ మాట విన్నప్పుడు నేను ఆ గోడలోనే కాలిపోతే బాగుండుననిపించింది. ఆమె చెయ్యి మంచిదే. ఆ ఇంట్లో తప్పును తప్పుగా పట్టిచ్చింది ఆ చెయ్యొక్కటే.

"డాడీ, క్లయింటు ముందల పరువు పోతాంది. ఏదో ఒకటి చెయ్యి" అని సౌజన్య ఏడుపు మొహం పెట్టింది. బిడ్డ కళ్లల్లో నీళ్లు చూడలేడు కదా సారంగపాణి. మళ్లీ వీడియో పెట్టాడు, మెయిన్ బోర్డు విప్పాడు. ఆ చిన్న పెట్టెలోకి వెళ్లే వైర్లు తీసి, బయటే ఒకదానికొకటి డైరెక్టుగా కలిపేశాడు. ఖాళీ పెట్టెను చూపు కోసం అక్కడే ఉంచాడు, మీట పైకే ఉంది. "ఇగ పొమ్మన్నా పోదు" అన్నాడు చేతులు దులుపుకుంటూ. నిజమే, పోలేదు. కరెంటు పోవడం లేదని ఇంట్లో అందరూ సంతోషించారు.

"చూసినవా, నీ చేతిల ఏం లేదు" అంది ప్రమీల. కొమురమ్మ తలూపింది. మిషన్ ఇప్పటికీ కొడుతోందని ఆమె చెప్పలేదు. చెబితే మళ్లీ ఏమంటారోనని భయం. కొంగు మడిచి చేతికి చుట్టుకుని మూత తీయడం అలవాటు చేసుకుంది. తన ప్రాణానికి తనే ఒక పొడి గుడ్డ అడ్డం పెట్టుకుంది.

సద్దుల బతుకమ్మకు ముందు ఇల్లు దులుపుకోవడం ఉంటుంది కదా. పరదాలు, దుప్పట్లు, దిండు గలీబులు అన్నీ కిందికి దిగాయి. పొద్దుటి నుంచీ కొమురమ్మ ఉతుకుతూనే ఉంది. మిషన్ కారి, సబ్బునీళ్లు నేలంతా నిలిచాయి. కొంగు ముద్దయింది. బరువు పరదా ఒకటి అడుగున మెలికపడి రాకపోతే, మోచేతిదాకా చెయ్యి పెట్టి ఆ ఇనప డ్రమ్మును పట్టుకుంది.

పట్టుకున్న చెయ్యి వదల్లేదు. కరెంటు వదలనివ్వదు. వేళ్లు బిగుసుకున్నాయి, పళ్లు బిగుసుకున్నాయి, గొంతులోంచి చప్పుడు రాలేదు. వెనక నాలుగడుగుల దూరంలో సౌజన్య చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, తెర వైపు తిరిగి ఎవరితోనో ఇంగ్లీషులో నవ్వుతూ మాట్లాడుతోంది. ఆ కరెంటును నాతో మోయిస్తున్నారు. నన్ను పుట్టించింది దేనికి, నాతో చేయిస్తున్నదేమిటి! మట్టికి ఒక్క మూర దూరంలో, సిమెంటు వెనక నా కొస ఉంది. ఒక్క మూర!

ప్రమీల ఇంకో మూట పట్టుకుని మెట్లు దిగింది. "ఏందే, గట్ల ఒరిగినవ్?" అంది. తర్వాత కొమురమ్మ మొహం చూసింది. మూట పారేసి అరిచింది. సౌజన్య తిరిగి చూసి, ఒక్క దూకులో లేచి కొమురమ్మను పట్టుకోబోయింది. ప్రమీల కూతురి జబ్బ పట్టి వెనక్కి లాగింది.

"ముట్టుకోకే! కరెంటు!"

ఎంత తొందరగా వచ్చిందో చూశారా ఆ మాట! ఇన్నాళ్లూ మిషన్ ఏం కొడ్తలేదన్న నోరే అది. తెలియక కాదన్నమాట. తెలుసు. కూతురి చెయ్యి ముందుకు పోయేసరికి తెలిసిన సంగతి బయటికి వచ్చింది.

సౌజన్య ప్లగ్గు ఊడబీకింది. కొమురమ్మ నీళ్లల్లో కుప్పకూలింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. బతికింది. కుడిచేతి వేళ్లు మాత్రం ముడుచుకుపోయాయి, ఇక తెరుచుకోవన్నారట. అంట్లు తోమి బతికే మనిషికి కుడిచెయ్యి పోతే బతికిందనే అంటారా మీరు?

సాయంత్రం ఆమె భర్త లింగయ్య వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. సారంగపాణి బయటికి వెళ్లాడు. బీమా అమ్మేటప్పటి గొంతే, అదే మెత్తదనం. "పొద్దుగాల ఏం తినకుంట వచ్చింది లింగయ్యా. కండ్లు తిరిగి నీళ్లల్ల పడ్డది. టైముకు మేము చూసినం గాబట్టి సరిపోయింది."

"మిషిని కొడ్తాందని ఇంట్ల రోజు చెప్పేది సారూ."

"అదంతా అనుమానం. మేము ముడుతలేమా, మమ్ముల కొడ్తాందా?"

సౌజన్య తండ్రి వెనకే ఉంది. నోరు తెరిచింది. తండ్రిని చూసింది, తల్లిని చూసింది, నోరు మూసుకుంది. లింగయ్య గేటు పక్కన పొద్దుటి నుంచీ పడి ఉన్న భార్య చెప్పులు తీసి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మిషన్ పాతబడిందని తీర్మానించారు. కొత్తది వచ్చింది. బిగించడానికి వచ్చినతను, "ఎర్తింగ్ ఉందా సార్?" అని అడిగాడు. సారంగపాణికి రోషం వచ్చింది. "ఎందుకు లేదు? వైరింగంతా నేనే చేసిన. గిదో గ్రీన్ వైరు" అని నన్ను వేలితో చూపించాడు. అతను ప్లగ్గు పెట్టి సంతకం తీసుకుని పోయాడు. మేకు అక్కడే ఉంది. ఖాళీ పెట్టె మీట పైకే ఉంది. నా కొస గోడలోనే ఉంది. ఒక్కరు, ఒక్కసారి, నేను ఎక్కడికి పోతున్నానో నా వెంట నడిచి చూసి ఉంటే!

కొత్త పనిమనిషి కూడా వచ్చింది. సరోజన, కొత్తగా పెళ్లయిన పిల్ల. ప్రమీల ఈసారి ఒక మంచి పని చేసింది, అంటే తను మంచిదనుకునే పని. సరోజనకు కూడా ఒక జత నీలం రబ్బరు చెప్పులు కొనిపెట్టింది. "సెల్లార్ల ఇవి ఏసుకునే పని చెయ్యాలె" అని చెప్పింది. పనోళ్లకు గూడ చెప్పులు కొనిస్తం మేము అని పక్కింటామెకు కూడా చెప్పుకుంది. ఎందుకు వేసుకోవాలో మాత్రం సరోజనకు చెప్పలేదు. చెబితే కొమురమ్మ సంగతి చెప్పాలి.

నేను మీకు ఇదంతా చెబుతుండగానే సరోజన కింద నేల కడుగుతోంది. ప్రమీల మెట్టు మీద కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. సబ్బునీళ్లల్లో రబ్బరు చెప్పులు సర్రున జారాయి. ఆ పిల్ల గోడ పట్టుకుని నిలదొక్కుకుని, చెప్పులు విడిచి, మెట్టు పక్కన వరసగా పెట్టింది.

"ఏసుకో" అంది ప్రమీల, మడత ఆపి.

"జారుతున్నయమ్మా. మీ ముంగట గూడ మంచిగనిపిస్తలేదు. నాకు ఉత్తకాళ్లే అలవాటు."

ప్రమీల ఏదో అనబోయింది. నేను చూస్తూనే ఉన్నాను. ఆమె చూపు ఆ పిల్ల తడి పాదాల మీద ఉంది, తర్వాత మిషన్ మీదికి పోయింది, మళ్లీ చేతిలోని బట్టల మీదికి వచ్చింది. మడత మొదలుపెట్టింది. మిషన్ ఆగి పిలుస్తోంది, బట్టలయ్యాయని. సరోజన చేతుల్లోని నీళ్లు విదుల్చుకుని అటు నడుస్తోంది.

నోరు తెరువు ప్రమీలమ్మా. నీ బిడ్డ కోసం వచ్చిన ఆ ఒక్క మాట, ఈ పిల్ల కోసం కూడా రానీ.